తల్లి గడ్డ ఒప్పుకోలేదు

మా కాలువ కాలనీలో ఎవరికైనా బదిలీ అయితే చేతిలో ఒక గడ్డ పెట్టి పంపడం ఆనవాయితీ. మిఠాయి ఇస్తే దారిలోనే అయిపోతుంది. చీర పెడితే వాళ్ళు మళ్ళీ ఇంకో చీర వెతుక్కోవాలి. గడ్డ అయితే పాత గుడ్డలో చుట్టి సంచిలో పడేస్తే చాలు. కొత్త ఊళ్ళో సామాను సర్దుకుని, కుళాయి ఎక్కడుందో కనుక్కుని, తీరిక చేసుకుని పాతేదాకా అలగకుండా నిద్రపోతుంది. లిల్లీ గడ్డో, పసుపు కొమ్మో, మెట్టతామర దుంపో, ఎవరి పెరట్లో ఏది ఉంటే అది. కాలువ శాఖ ఉద్యోగాలు కదా, ఎక్కడ గండి పడితే అక్కడికి మనుషుల్ని తోలేస్తారు. అలా మా పెరళ్ళు ఏయే ఊళ్ళలో పూస్తున్నాయో లెక్క లేదు.

నాకు మాత్రం ఒక నియమం ఉంది. గడ్డ చేతిలో పెట్టి వెంటనే లోపలికి వచ్చేస్తాను. లారీ మీద మంచాన్ని కాళ్ళు పైకి పెట్టి కట్టాక అటు చూడను. చూశానంటే ఆ మంచం కాళ్ళు చాలా రోజులు నా అన్నంలో కనబడతాయి.

నేను ఈ కాలనీకి మా అమ్మాయి వెంట వచ్చాను. అది కాలువ ఆఫీసులో టైపిస్టు. పొద్దున అది వెళ్ళాక నాకు పని తక్కువ, భయం ఎక్కువ. భయం వేసినప్పుడల్లా ఏదో ఒకటి చదువుతాను. పకోడీ పొట్లాలు, మందుల డబ్బాల్లో మడిచిపెట్టే చీటీలు, అమ్మాయి తెచ్చే ఆఫీసు చిత్తు కాగితాలు, ఏదైనా సరే. అక్షరాలు నాకు నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. బడికి పోలేదు కాబట్టి ఎక్కడ ఆపాలో నాకెవరూ చెప్పలేదు. అందుకని చివరిదాకా చదువుతాను.

ఆ ఏడు కాలనీలో పూల ప్రదర్శన పెట్టారు. తోటమాలి బల్ల దగ్గర నిలబడి, లిల్లీ గుబురు తవ్వి పైకి తీసి, తల్లి గడ్డ చుట్టూ పుట్టిన పిల్ల గడ్డల్ని ఎలా విడదీయాలో చూపిస్తున్నాడు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన అది చూసి ఆగిపోయారు. ఆయనకి ఆ మధ్యనే తల్లి పోయిందట. మైకు దగ్గరికి వెళ్ళి, మాతృత్వం మీద దెబ్బ పడుతుంటే ఈ సమాజం చప్పట్లు కొడుతోందని బాధపడ్డారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ తల్లి ఏం పాపం చేసిందని ఆయన అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పలేకపోయినందుకు ఒక శాఖ ఏర్పడింది.

దాని పేరు భూగర్భ మాతృ సంతాన సంక్షేమ శాఖ. మా కాలనీలో ఖాళీగా ఉన్న సిమెంటు గోదాములో దాని ఆఫీసు పెట్టారు. సంక్షేమాధికారిగా త్రిలోచనరావు గారు వచ్చారు. సన్నగా, శుభ్రంగా, ఎండ లేకపోయినా గొడుగుతో తిరిగే మనిషి. ఆయన వచ్చిన మర్నాడే ఉత్తర్వు గోడకి అంటించారు. "భూమి లోపల మాతృ దుంపను ఆశ్రయించి యున్న సంతాన దుంపలను వేరుచేయుట, వేరుచేయించుట, వేరుచేయువారిని చూచి ఊరకుండుట నిషేధింపబడినవి" అని మొదలవుతుంది.

చదివి నేను సంతోషించాను. ఈ లోకంలో విడిపోవడాన్ని ఆపడానికి ఒక ఆఫీసు పెట్టారంటే నాలాంటిదానికి అంతకంటే ఏం కావాలి. మనుషుల దాకా రావడానికి టైము పడుతుంది, ముందు దుంపలతో మొదలుపెట్టారు అనుకున్నాను.

ఉత్తర్వు మొదట సంతలో అమలైంది. అల్లం చిన్న ముక్క విరిచి ఇవ్వడం మానేశారు. పచ్చడికి కావాలన్నా చెయ్యంత కొమ్మ మొత్తం కొనాల్సిందే. చేమదుంపలు తల్లితో సహా తూకం వేశారు. తల్లి దుంప ఎంత ఉడికించినా ఉడకదు, అయినా కుటుంబంతో కొన్నామన్న తృప్తి మిగిలింది. కంద కోసి అమ్మే ముసలమ్మ కత్తిని స్వాధీనం చేసుకున్నారు. పెళ్ళివారు తప్ప కంద కొనేవాళ్ళు లేకపోయారు.

వెల్లుల్లి దగ్గర శాఖకి కొంత చిక్కు వచ్చింది. అది తల్లీపిల్లలు కాదనీ, అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబమనీ నిపుణులు తేల్చారు. రెబ్బ విడదీస్తే భాగాలు పంచినట్టు. కాబట్టి చారులో గడ్డ మొత్తం వెయ్యాలి, లేకపోతే రెబ్బలన్నీ ఒప్పుకున్నట్టు పెద్దమనుషుల చేత చెప్పించాలి. ఉల్లిపాయకి పిల్లలు లేరు, పక్కన తల్లీ లేదు. దాన్ని అనాథగా గుర్తించి, గోదాములో ఒక మూల ఆశ్రమం తెరిచారు. అక్కడ అవి కుళ్ళినా కలిసే కుళ్ళాయి.

నా పెరట్లో లిల్లీ గుబురు ఒక్కటి. దాని సంగతి చెప్పాలి.

పక్క క్వార్టరులో ఎస్తేరు ఉండేది. కాలనీ ఆసుపత్రిలో ఆయా. ఆమె నన్ను వదినా అంటుంది. మా ఇద్దరికీ మధ్య ఒక తడిక, దాని మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి చీర ఆరుతూ ఉంటుంది. నేను ఇక్కడికి రాకముందే ఎస్తేరుకి ఒక కూతురు పుట్టి, నడక వచ్చీరాని వయసులో జ్వరంతో పోయింది. దీవెన ఆ పిల్ల పేరు. కాలువ గట్టు మీద పాతిపెట్టి, పైన లిల్లీలు నాటుకుంది. తర్వాత కాలువ వెడల్పు చేశారు. గట్టు తెగ్గొట్టారు. ఇప్పుడు అక్కడ నీళ్ళు పారుతున్నాయి. అంతకుముందు ఎప్పుడో ఎస్తేరు ఆ లిల్లీల్లోంచి ఒక గడ్డ తీసి నాకు ఇచ్చింది. నా పెరట్లో ఉన్నది అదే. తన పెరట్లో నాటుకోలేదు. రోజూ చూడలేనంది. అయితే ప్రతి ఏడూ మొదటి కాడ పూసినప్పుడు తడిక మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడేది. నేను కూర మాడుతోందని లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఉత్తర్వు వచ్చాక ఆ ఏడు నేను గుబురు విడదీయలేదు. తర్వాతి ఏడూ లేదు. లిల్లీ గడ్డ ఒక్కసారే పూస్తుంది. పూసిన గడ్డ మళ్ళీ పూయదు, దాని పిల్లలు పూయాలి. పిల్లలకి చోటు ఉంటేనే బలుస్తాయి, బలిస్తేనే పూస్తాయి. చోటు లేక అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి, సన్నబడి, గరికలాగా ఆకులు వేసుకుంటూ కూర్చున్నాయి. పువ్వు లేదు. కాలనీలో ఎవరి పెరట్లోనూ లేదు.

ఆ సంవత్సరం పూల ప్రదర్శన ఆకులతో జరిగింది. పెద్దాయనకి ఆకుల దండ వేశారు. ఓవర్సీయరు గారి కుండీకి మొదటి బహుమతి వచ్చింది. అందులో గడ్డలు ఒరుసుకుని ఒరుసుకుని కుండీ పగిలిపోయింది. పగిలిన పెంకులు పక్కన పేర్చి "కుటుంబ బలం" అని అట్టముక్క పెట్టారు. త్రిలోచనరావు గారు ప్రసంగిస్తూ, పువ్వు అనేది తాత్కాలికమనీ, ఎడబాటు లేని జీవితానికి పువ్వుతో పని లేదనీ అన్నారు. నేను ముందు వరసలో కూర్చుని తల ఊపాను. ఊపుతుండగా ఎస్తేరు వైపు చూశాను. ఆమె ఆ ఆకుల వంక చూస్తోంది.

మాఘంలో ఎస్తేరుకి ఉద్యోగం అయిపోయింది. భర్త అంతకుముందే పోయాడు. మెట్ట ప్రాంతంలో చెల్లెలు ఉంది, అక్కడికి వెళ్ళిపోవాలి. ఎండాకాలం చివరికల్లా క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. ఆ సంగతి తడిక దగ్గర చెప్పి, చీర మడత పెడుతూ, ఒక్క గడ్డ ఇస్తావా వదినా అని అడిగింది.

ఇన్నేళ్ళలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

ఇద్దరం గోదాముకి వెళ్ళాం. త్రిలోచనరావు గారు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టారు. వేరుచేయడానికి అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉందనీ, ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదనీ, అందుకే ఆ ఏర్పాటు చక్కగా పనిచేస్తోందనీ చెప్పారు. సంతాన దుంప తండ్రి పేరు అడిగారు. గడ్డలకి తండ్రి ఉండడు, తల్లి పక్క నుంచే పుడతాయి అన్నాను. ఆయన చాలా బాధపడి "తండ్రి బాధ్యతారహితుడు" అని రాసుకున్నారు.

తర్వాత కుర్చీలో ముందుకు వంగి, ఎస్తేరుతో మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "చూడమ్మా, బిడ్డ తన ఒడిని వీడి మట్టిలో వేరొకచోట పడి యుండగా తల్లి అనుభవించు మనోవేదన ఎటువంటిదో తమరు ఎరుగరు."

ఎస్తేరు కొంగు సర్దుకుంది. "ఎరుగుదునండి" అంది.

నేను నోరు తెరవబోయాను. ఆమె బల్ల కింద నా మణికట్టు పట్టుకుంది. ఆయన సంతోషించి, ఎరిగినవారు ఇంకా బాధ్యతగా ఉండాలని చెప్పి, మాతృ దుంప అభిప్రాయ సేకరణకి రోజు నిర్ణయించారు.

ఆ రోజు ఆయన కుర్చీ, గొడుగు తెచ్చుకుని మా పెరట్లోకి వచ్చారు. లిల్లీ గుబురుకి ఎదురుగా కూర్చున్నారు. ఎండ దానికి తగలకుండా గొడుగు కాస్త అటు వంచారు. గొంతు సవరించుకుని, ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా అని మొదలుపెట్టి, విషయం అంతా ఆ గుబురుకి చదివి వినిపించారు. అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలపాలన్నారు. అందరం ఎదురుచూశాం. కాలువ మీద నుంచి గాలి వచ్చింది. ఆకులు అటూ ఇటూ ఊగాయి.

"అడ్డంగా ఊపింది" అన్నారాయన.

గాలండీ అది, అన్నాను.

"గాలి కేవలం ప్రేరణ. అభిప్రాయం మాత్రం తల్లిది" అని ఆయన కుర్చీ మడతపెట్టుకున్నారు.

పోనీ గుబురు మొత్తం ఇచ్చేస్తాను, తల్లీ పిల్లలూ కలిసే పోతారు కదా అన్నాను. అదీ ఆలోచించారు. ఈ మట్టిలో పుట్టిన దుంపలకి ఈ మండలంలో స్థానికత ఏర్పడిందట. వేరే జిల్లాకి తీసుకుపోతే అవి స్థానికేతరులు అయిపోతాయట. పైగా ఆ గుబురులో అసలు తల్లి ఎవరో, మనవరాలు ఎవరో తేలకుండా కదిలిస్తే రేపు వారసత్వపు గొడవలు వస్తాయన్నారు.

ఎస్తేరు సామాను కట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి రెండుసార్లు, పోనీలే వదినా, పూలు అక్కడా ఉంటాయి అంది. ఆమె అలా అనడం నేను భరించలేకపోయాను. భయం వేసినప్పుడు చేసే పనే చేశాను. గోదాము గోడ దగ్గరికి వెళ్ళి, ఆ ఉత్తర్వు ముందు నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇవ్వకూడదు, అమ్మకూడదు, అరువు పెట్టకూడదు, కానుకగానో సారెగానో పంపకూడదు, వీలునామా రాయకూడదు. కాగితం అడుగున, చెమ్మకి వంకర తిరిగిన చోటు దాకా చదివాను. ఒక మాట మాత్రం ఎక్కడా లేదు.

లోపలికి వెళ్ళాను. త్రిలోచనరావు గారు అనాథ ఉల్లిపాయల్ని తనిఖీ చేసి చేతులు కడుక్కుంటున్నారు. ముందుగా దీవెన సంగతి చెప్పాను. కాలువ గట్టు సంగతి, ఆ గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ సంగతి, అంతా చెప్పాను. ఎస్తేరు వద్దన్నా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడిచారు. అటువంటి సందర్భాన్ని ఉత్తర్వు ఊహించలేదన్నారు.

అప్పుడు అడిగాను. అయ్యా, ఎవరైనా దొంగిలిస్తే?

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. వెన్ను నిటారుగా చేసుకున్నారు. "చౌర్యము పోలీసు శాఖ పరిధిలోనిది. ఇతర శాఖల అధికారములలో మా శాఖ వేలు పెట్టజాలదు. చోరీకి గురైన సంతానము విషయమై మేము విచారము వ్యక్తము చేయుదుము. అంతవరకే."

గుమ్మం దాటుతుండగా ఆయన మళ్ళీ పిలిచారు. గొంతు తగ్గించి, దొంగిలించిన మొక్క బాగా బతుకుతుందని వాళ్ళ అమ్మమ్మ అనేదనీ, ఇది ఆఫీసు అభిప్రాయం కాదనీ చెప్పారు.

దొంగతనం పట్టపగలే పెట్టుకున్నాం. చీకట్లో ఎస్తేరుకి కళ్ళు కనబడవు. పోలీసు ఔట్‌పోస్టు నుంచి హెడ్ కానిస్టేబుల్ గంగులు ముందుగానే వచ్చాడు. నేరం జరిగాక కబురుపెడితే తాను ఈ ఎండలో రెండోసారి రాలేనని, జరిగేదాకా అరుగు మీద కూర్చుంటానని అన్నాడు. మజ్జిగ ఇచ్చాను. త్రిలోచనరావు గారు కూడా వచ్చారు. చూసి ఊరుకోవడం ఉత్తర్వు ప్రకారం నేరం కాబట్టి, గొడుగు వేసుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డారు. బయట లారీ సిద్ధంగా ఉంది. దాని మీద మంచం కాళ్ళు పైకి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఎస్తేరుకి దొంగతనం చెయ్యడం రాదు. ఆసుపత్రిలో అన్నేళ్ళు పనిచేసి తలనొప్పి మాత్ర కూడా ఇంటికి తెచ్చుకోని మనిషి. చిన్న గునపం పట్టుకుని గుబురు దగ్గర కూర్చుని, తీసుకోనా వదినా అని అడిగింది.

గోడ వైపు నుంచి త్రిలోచనరావు గారు, యజమాని సమ్మతి ఉన్నచో అది కానుక యగునని, కానుక నిషిద్ధమని గుర్తుచేశారు. అరుగు మీద నుంచి గంగులు, అడిగి తీసుకుంటే కేసు నిలబడదమ్మా, కాస్త దొంగలాగా చెయ్యండి అన్నాడు.

నేను ఏమనాలో తెలిసింది. చెంగు నడుంలో దోపి, తీసుకున్నావంటే ఊరుకోను, నా గడ్డల మీద చెయ్యి వేస్తే చూడు అని గట్టిగా కేకలు వేశాను. పొయ్యి మీద ఎసరు పెట్టాను, లోపలికి పోతున్నాను, నేను వచ్చేలోగా ఇక్కడ ఎవరైనా ఉంటే మర్యాదగా ఉండదు అని కూడా అన్నాను. లోపలికి పోలేదు. అటు తిరిగి నిలబడ్డాను. ఎవరైనా వెళ్ళిపోతుంటే అటు తిరిగి నిలబడటం నేను ఎన్నాళ్ళుగానో చేస్తున్న పనే. మొదటిసారి అది ఎవరికైనా పనికొచ్చింది.

మట్టిలో గునపం దిగింది. గడ్డలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయేటప్పుడు చిన్న చప్పుడు అవుతుంది, చెరుకు కణుపు విరిచినట్టు. అది విన్నాను. బుట్ట కిర్రుమంది. మెత్తగా నడిచే అడుగులు నా వెనకాల దాకా వచ్చి ఆగాయి. దొంగలు అలా ఆగరు. నేను తిరగలేదు. మట్టి అంటుకున్న వేళ్ళు నా భుజం మీద కాసేపు ఉన్నాయి. తర్వాత లేవు. గేటు చప్పుడైంది. లారీ కదిలింది.

గంగులు ఫిర్యాదు రాసుకున్నాడు. తప్పిపోయినవారి వయసు, ఒంటి మీద గుర్తులు, పోయేటప్పుడు వేసుకున్న బట్టలు అడిగాడు. గోధుమరంగు పొర అన్నాను. ఎవరి మీదైనా అనుమానమా అంటే లేదన్నాను. త్రిలోచనరావు గారు గోడ వైపు నుంచి ఇటు తిరిగి విచారం వ్యక్తం చేశారు.

తర్వాత చూస్తే సగం గుబురు లేదు. అలవాటు లేని మనిషి కదా, దొంగతనంలో ఎంత తీసుకోవాలో తెలియలేదు.

వానలు పడ్డాక గుబురులో ఆ ఖాళీ పక్క నుంచి ఒక కాడ పైకి లేచింది. కాలనీలో రెండేళ్ళ తర్వాత మొదటి లిల్లీ. మధ్యాహ్నాలు దాని వాసనకి దారిన పోయేవాళ్ళు ఆగేవారు. మా పెరటి పువ్వు చూసి ఓవర్సీయరు గారి భార్యకి విషయం అర్థమైంది. ఆ వారంలోనే ఆమె మెట్టతామరలు ఎవరో ఎత్తుకుపోయారు. ఆమె ఇంకొకరి పసుపు ఎత్తుకొచ్చింది. ఒకరి పెరట్లో ఒకరు గునపాలతో, మిగతావాళ్ళు గోడల వైపు తిరిగి, ఏ ఇంట చూసినా ఇదే. బదిలీ అయినవాళ్ళు మూటలతో పారిపోతుంటే వెనకాల తిట్లు పోసి సాగనంపేవాళ్ళం. ఔట్‌పోస్టుకి ఇంకో కానిస్టేబుల్ కావాలని గంగులు పైకి రాశాడు. మా కాలనీలో నేరాలు పెరిగాయనీ, పూలు కూడా పెరిగాయనీ, రెండింటికీ సంబంధం ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ఒక సంఘం వేశారు.

ఆసుపత్రి ఫోనుకి చేసి ఎస్తేరు ఒకసారి నాతో మాట్లాడింది. "వదినా, దొంగసొత్తు మొలిచింది" అంది. ఎన్ని మొలకలు అని అడిగాను. చెప్పలేదు. చెల్లెలి ఇంట్లో గుమ్మం ఎదురుగానే నాటుకున్నానని మాత్రం చెప్పింది. అంటే రోజూ కనబడేచోట.

కార్తీకంలో ఆ శాఖని ఇంకో శాఖలో కలిపేశారు. కలిపేసి త్రిలోచనరావు గారిని మాత్రం విడదీసి, ఎక్కడో కొండల దగ్గరికి పంపారు. పిల్లల చదువు మధ్యలో ఉందని భార్యాబిడ్డల్ని ఇక్కడే ఉంచి ఆయన ఒక్కడే వెళుతున్నారట. దానికి ఉత్తర్వు ఏమీ అడ్డు రాలేదు.

బయలుదేరే రోజు మధ్యాహ్నం ఆయన మా తడిక దగ్గరికి వచ్చారు. గొడుగు లేదు. చేతిలో అడుగున చిల్లులు పెట్టిన పాలపిండి డబ్బా ఉంది. లిల్లీల వంక చూశారు. నా వంక చూశారు. వాతావరణం గురించి ఏదో అన్నారు. అడగలేదు. ఎలా అడగకూడదో ఆయనకి తెలిసినంత బాగా ఎవరికి తెలుసు.

నేను చెంగు నడుంలో దోపుకున్నాను. పొయ్యి మీద ఎసరు పెట్టాను, లోపలికి పోతున్నాను, నా గడ్డల మీద చెయ్యి వేశారంటే మర్యాదగా ఉండదు అన్నాను.

చిన్న గునపం తడికకి ఆనించి, అటు తిరిగి నిలబడ్డాను.